అడిగితే ఇచ్చే కవర్లు

"ఈ డబ్బు ఎవరిది?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"నాది కాదమ్మా," అన్నాడు లాండ్రీ బాబాయి.

"మరి ఎవరిది?"

"అది చెప్పకూడదమ్మా."

మత్తుమందు అమ్మేవాళ్ళ డబ్బు కోసం వెతుక్కుంటూ వచ్చిన పోలీసుల ముందు, డెబ్బై దాటిన మనిషి చెప్పాల్సిన జవాబులేనా ఇవి? "నాదేనమ్మా, కష్టపడి దాచుకున్నాను" అని ఒక్క ముక్క అనేస్తే అక్కడితో పోయేది. కానీ ఆయన సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. నలభై రెండేళ్ళుగా ఆ వీధి వీధంతటి బట్టలూ ఉతికి ఇస్త్రీ చేసినవాడాయన. ఎవరి చొక్కా మీద ఎక్కడ మరక పడిందో, అది దేని మరకో, ఎందుకు పడిందో కూడా ఆయనకు తెలుసు. అన్నీ తెలిసి నోరు మెదపని మనిషి. అదేదో పుట్టుకతో వచ్చిన గుణం అనుకునేరు. కాదు, భార్య కూర్చోబెట్టి నేర్పింది.

ఆ పొద్దున జరిగింది ఇది. వీధి చివర సందులో ఎవణ్ణో మత్తుమందు పొట్లాలతో పట్టుకున్నారు. జేబులు తిరగేస్తే బాబాయి షాపు రసీదు బయటపడింది: రెండు ప్యాంట్లు, ఒక కోటు. పోలీసులకు అది చాలు. పదిన్నరకల్లా ఇన్‌స్పెక్టరమ్మ, నలుగురు కానిస్టేబుళ్ళు, ఒక కుక్క షాపులో దిగారు. కుక్క పాపం గడప దాటగానే మరకలు తీసే మందు ఘాటుకి ఆరుసార్లు తుమ్మి, బయటికి పోయి మెట్ల మీద కూర్చుంది. దానికున్న తెలివి మిగతావాళ్ళకు లేకపోయింది. వాళ్ళు కోట్లు వేలాడే బీరువా వెనక్కి జరిపి, గోడ మూల నుంచి ఒక రేకు పెట్టె లాగారు.

పెట్టె నిండా చిన్న చిన్న కాగితం కవర్లు. లెక్కపెడితే నూట పన్నెండు. ప్రతిదానికీ ఒక గుండుసూది. ప్రతిదాంట్లోనూ నోట్లు, కొన్నిటిలో ఒకటి, కొన్నిటిలో నాలుగైదు. అవి కూడా మామూలు నోట్లు కావు. నీళ్ళలో ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన నోట్లు. అప్పడాల్లా ఫెళఫెళలాడుతున్నాయి, మరకల మందు వాసన కొడుతున్నాయి. కవర్ల మీద ఒక్క పేరు లేదు. అన్నీ బొమ్మలే. నిచ్చెన, కెటిల్, గొడుగు, పిల్లి తోక, మూడు చుక్కలు.

"ఇదేం కోడ్?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"కోడ్ ఏంటమ్మా! ఇది నిచ్చెనాయనది, ఇది కెటిల్ గారిది, ఇదేమో పిల్లి తోక..." అని నోరు జారి, అంతలోనే నాలిక్కరుచుకున్నాడు బాబాయి. పక్కనున్న కానిస్టేబుల్ గబగబా రాసుకున్నాడు: ముఠా సభ్యుల మారుపేర్లు.

డబ్బు పట్టుకెళ్ళారు. షాపుకి తాళం వేసి సీలు కొట్టారు. రోజూ పొద్దున్నే స్టేషనుకి వచ్చి సంతకం పెట్టమన్నారు. సాయంత్రానికల్లా 'లాండ్రీలో మత్తుమందు సొమ్ము' అని ఊరంతా కోడై కూసింది. నలభై రెండేళ్ళు ఎవరి బట్ట మీదా మచ్చ ఉండనివ్వని మనిషి మీద ఇంత మచ్చ పడింది.

ఇంటికొచ్చాక కూతురు ఊరుకుంటుందా? షాపులో కొత్త వాషింగ్ మెషీన్లు తెప్పించింది ఆమే, కొన్నాళ్ళుగా సగం పని నడిపిస్తున్నదీ ఆమే.

"నాదేనని చెప్పు నాన్నా. దాచుకున్నానంటే నమ్ముతారు. లేదా ఎవరిదో పేర్లు చెప్పు. రెండూ చెప్పనంటే నిన్ను లోపలేస్తారు. షాపు పోతుంది. అర్థమవుతోందా?"

"నాది కానిది నాదని ఎలా అంటానే?"

"అయితే పేర్లు చెప్పు."

"మీ అమ్మకి మాటిచ్చాను."

"అమ్మ పోయి నాలుగేళ్ళయింది!"

"మాట పోలేదుగా," అన్నాడు బాబాయి. కూతురు తల పట్టుకుని కూర్చుంది.

ఆ మాట సంగతి చెప్పాలంటే షాపు పెట్టిన రోజుల్లోకి వెళ్ళాలి.

అప్పట్లో ఇద్దరే. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక గదిలో సిమెంటు తొట్టి. బల్ల దగ్గర బాబాయి, తొట్టి దగ్గర పిన్ని. ఆయన్ని బాబాయి అన్నారు కాబట్టి వీధంతా ఆవిణ్ణి పిన్ని అన్నారు, ఆవిడ కంటే పెద్దవాళ్ళతో సహా. వెనక గది నేల ఎప్పుడూ తడే. వానాకాలం వస్తే బయట ఆరేసే వీలుండదు, గదంతా తాళ్ళు కట్టి బట్టలు వేలాడదీసేవాళ్ళు. వాటి కింద నుంచి వంగి వంగి నడవాలి. ఆ రోజుల్లో ఇస్త్రీ పెట్టె వేడికి చేతులు కాచుకునే వంకతో వీధిలో వాళ్ళు వచ్చి కబుర్లు చెప్పేవాళ్ళు. ఉతికిన దుప్పట్ల గంపలో పసికందు కూతురు నిద్రపోయేది. ఇప్పుడు మూడు మెషీన్లున్నాయి, గంటలో ఆరిపోతాయి, ఎవరూ చేతులు కాచుకోవడానికి రారు. ఆ తడి గదినీ, ఆ కబుర్లనీ బాబాయి ఇప్పటికీ తలుచుకుంటాడు.

బట్టలు కలిసిపోకుండా కాలర్ లోపల పేర్లు రాద్దామన్నాడు బాబాయి. ఆయనకు చదువొచ్చు, కాస్త గర్వం కూడా. పిన్నికి అక్షరం ముక్క రాదు.

"తొట్టిలో చెయ్యి పెట్టేది నేనా, మీరా?" అని అడిగింది పిన్ని.

"నువ్వే."

"మరి గుర్తు నాకు తెలియాలి. మీకు తెలిస్తే ఏం లాభం?"

అంతటితో ఆ చర్చ ముగిసింది. చెరగని నల్ల సిరాతో, గోరులో సగమంత బొమ్మలు ఆవిడే వేసింది. గోడలకు రంగులేసే ఆయనకి నిచ్చెన. టీకొట్టు ఆయనకి కెటిల్. ఎండైనా వానైనా గొడుగు లేకుండా బయటికి రాని టీచరమ్మకి గొడుగు. పోస్టాఫీసు గుమాస్తాకి పిల్లి తోక, ఆయన మీసం అలా ఉండేది మరి. ఎవరికి ఏ బొమ్మ ఉందో ఆ మనుషులకు తెలియదు. మంచిదే అయింది, తెలిస్తే సగం మంది వేరే షాపు చూసుకునేవాళ్ళు.

ఇక జేబులు. నానబెట్టే ముందు ప్రతి జేబూ తిరగేసి చూడాలి. దువ్వెనలు, తాళాలు, బస్సు టికెట్లు, ఒకసారి ఎవరిదో ఊడిన పన్ను, బోలెడు ప్రేమలేఖలు దొరికేవి. డబ్బూ దొరికేది. ఎంత చూసినా ఒక్కోసారి లోపలి జేబు కంటపడక నోటు నీళ్ళలో నానేది. పిన్ని దాన్ని నెమ్మదిగా విప్పి పెంకు మీద ఆరబెట్టేది. బాబాయి పైన గుడ్డ వేసి సన్నని వేడి మీద ఇస్త్రీ చేసేవాడు.

కొత్తలో అలా ఒక వంద నోటు దొరికింది. బాబాయికి నిజాయితీ ఎక్కువ, బుర్ర తక్కువ. షాపు మెట్ల మీద నిలబడి వీధి అవతలికి కేకేశాడు, "అన్నయ్యా, నీ ప్యాంటు జేబులో వంద నోటు దొరికింది!" ఆ అన్నయ్య అంటే గోడల రంగులాయన. ఆయన పక్కనే ఆయన భార్య నిలబడి ఉంది. ముందురోజే ఆవిడతో ఇంట్లో పైసా లేదని ఒట్టేసి చెప్పాడట. మూడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. నాలుగో రోజు ఆయన వచ్చి బాబాయిని కడిగి ఆరేశాడు. ఇంకోసారి దొరికినప్పుడు బాబాయి తెలివిగా నోటు మళ్ళీ జేబులోనే పెట్టి పంపాడు. మడత విప్పింది ఎవరు? మళ్ళీ ఆవిడే. ఈసారి వారం.

ఆ రోజు పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చుంది.

"జేబంటే కడుపులాంటిదండీ. లోపల ఏముందో పైకి చెప్పకూడదు. కవరులో పెట్టి, గుర్తు వేసి దాచుదాం. వచ్చి అడిగితే మాట్లాడకుండా ఇచ్చేద్దాం. అడక్కపోతే అలాగే ఉంచుదాం."

"ఎన్నాళ్ళుంచుతాం?"

"అడిగేదాకా."

"అడగకపోతే?"

"మాటివ్వండి ముందు," అంది. ఇచ్చాడు.

ఎంతమంది అడిగారో లెక్కలేదు. గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, "పిన్నీ, నా చొక్కాలో ఏమైనా..." అనేవాళ్ళు. మాట పూర్తయ్యేలోపే మడతపెట్టిన చొక్కా కింద కవరు జరిపేది పిన్ని. కొందరు మాత్రం ఎక్కడో పోయిందనుకుని ఊరుకున్నారు. కొందరికి పోయిన సంగతే తెలియదు. రేకు పెట్టెలో మిగిలినవి వాళ్ళవి. పెట్టె పిన్నిదే. బాబాయి దాని జోలికి పోయేవాడు కాదు. ఆవిడ పోయాక కూడా ఎవరైనా అడిగితే గుర్తు చూసి తీసిచ్చాడే తప్ప, ఒక్క కవరుకీ గుండుసూది తీసి లోపల చూడలేదు.

డబ్బు పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో బాబాయికీ తెలియనిది కాదు. ఒక ఏడాది, హోటల్ వాళ్ళ తెరలు అదనంగా ఇస్త్రీ చేసి కొంచెం కొంచెంగా కూడబెట్టాడు. పిన్నికి చెప్పకుండా ఒక వస్తువు కొందామని ఆశ. తీరా బజారుకెళ్ళి చూసుకుంటే జేబులో ఏమీ లేదు. బస్సులో ఎవడో కొట్టేశాడనుకున్నాడు. ఇంటికొచ్చి మూడు రోజులు అన్ని జేబులూ తడుముకుంటూ తిరిగాడు.

"ఏమైనా పోగొట్టుకున్నారా?" అని అడిగింది పిన్ని.

"ఏం లేదు."

"ఏం కావాలో అడగండి."

"ఏం లేదన్నాగా!" అని కసిరాడు. ఆవిడ వెళ్ళి తొట్టి దగ్గర నిలబడింది. ఆ తర్వాత ఆ విషయం ఇద్దరూ ఎత్తలేదు.

సరే, పోలీసుల దగ్గరికి వద్దాం. షాపుకి సీలు వేసేటప్పుడు వాళ్ళు ఒక సంగతి మరిచిపోయారు. లోపల నాలుగు వందల బట్టలున్నాయి. అవి బాబాయివి కావు, వీధివి. మూడు రోజులు జనం ఓపిక పట్టారు. నాలుగో రోజు స్టేషను ముందు గుంపు కట్టారు. ఒకాయనకి ఉద్యోగం ఇంటర్వ్యూ, ఉన్న ఒక్క కోటూ లోపలుంది. ఒకామెకి పెళ్ళి, గౌను లోపలుంది. టీకొట్టు కెటిల్ గారైతే తనకు ఉన్నవే మూడు ప్యాంట్లనీ, మూడూ లోపలే ఉన్నాయనీ, ఇప్పుడు వేసుకున్నది తన బావమరిదిదనీ, అది ఏ క్షణమైనా జారొచ్చనీ ఇన్‌స్పెక్టరమ్మకి మొరపెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ విసుక్కుని, బట్టలు ఇచ్చేంతవరకు సీలు తీయించింది. కానిస్టేబుళ్ళు చేతికందిన చొక్కా ఎత్తి, "ఇదెవరిది?" అని అరవడం, పది చేతులు లేవడం. పావుగంటలో షాపు సంతలా తయారైంది. చివరికి బాబాయినే బల్ల దగ్గరికి పిలిచారు. ఆయన బట్ట తీసుకోవడం, కాలర్ మడత తిప్పి చూడటం, చేతిలో పెట్టడం. ఒక్కటీ తప్పలేదు. ఇన్‌స్పెక్టరమ్మ కాసేపు చూసింది. కెటిల్ గారి ప్యాంటు అందుకుని నడుం పట్టీ లోపలివైపు తిప్పింది. సిరాతో చిన్న కెటిల్.

మూడు రోజులుగా ఆమె కవర్ల ఫోటోలు బల్ల మీద పరుచుకుని తల బద్దలు కొట్టుకుంటోంది. బాబాయి వైపు ఒకసారి చూసి, కెటిల్ గారి వైపు తిరిగింది.

"మీరు ఎప్పుడైనా జేబులో డబ్బు..."

బాబాయికి పొలమారినంత పని అయింది. దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు తెచ్చుకుని, "అమ్మా, ఒక్క నిమిషం ఇలా లోపలికి రా తల్లీ" అన్నాడు. వెనక గదిలో, పాత తొట్టి పక్కన నిలబడి, అందరిముందూ అడగొద్దని బతిమాలాడు. కారణం అడిగితే మొత్తం చెప్పాడు. పేర్లు తప్ప.

"ఇది మొదటి రోజే చెప్పొచ్చుగా పెద్దాయనా?"

"చెప్పబోయానమ్మా. మీవాడు ముఠా అని రాసుకున్నాడు."

ఇన్‌స్పెక్టరమ్మకి నవ్వొచ్చింది, ఆపుకుంది. అప్పటికే ఆమెకొక అనుమానం ఉంది. ఆ నూట పన్నెండు కవర్లలో నలభైదాకా ఎప్పుడో రద్దయిపోయిన పాత నోట్లు. చెల్లని నోట్లకి ఇస్త్రీ చేసి దాచుకునే మత్తుమందు వ్యాపారి ఎక్కడుంటాడు? అయినా ఆమె చేతిలో అంతా లేదు. "పట్టుకున్న డబ్బు పట్టుకున్నట్టే. కోర్టుకి లెక్క చెప్పాలి. ప్రతి కవరుకీ సొంతదారు వచ్చి గుర్తు చూపించి సంతకం పెట్టాలి. ఒక్క కవరు తేలకపోయినా పైవాళ్ళు కేసు మూయరు. మీ షాపూ తెరుచుకోదు," అంది.

"పెట్టిస్తానమ్మా. కానీ ఒక్కొక్కరినే పిలువు. ఎంత ఉందో, ఎప్పటిదో పైకి చదవొద్దు."

"చదవను."

మాట నిలబెట్టుకుంది. ఆ తర్వాత నెలన్నరపాటు, మధ్యాహ్నాలు పని పలచగా ఉన్నప్పుడు, స్టేషనులో ఒక గది వదిలిపెట్టారు. బల్లకి అటు ఇన్‌స్పెక్టరమ్మ, ఇటు బాబాయి, గుమ్మం దగ్గర ఒక కానిస్టేబుల్ అమ్మాయి. ఒక్కొక్కరే తమ పాత బట్ట ఒకటి పట్టుకుని వచ్చేవాళ్ళు. గుర్తు కలిస్తే సంతకం. కవరు బట్ట కింద జరిపేవాడు బాబాయి, అచ్చం పిన్ని జరిపినట్టే.

ఆ మధ్యాహ్నాల్లో బాబాయి నలభై ఏళ్ళు వెనక్కి పోయి వచ్చాడు. పోస్టాఫీసు గుమాస్తా పోయి చాలాకాలమైంది. ఆయన కొడుకు తండ్రి చొక్కా ఒకటి పెట్టె అడుగు నుంచి వెతికి తెచ్చాడు. కాలర్ తిప్పితే పిల్లి తోక నిన్న వేసినట్టుంది. "నాన్న మీసం!" అని ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టి, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు. టీచరమ్మ చెల్లెలు గొడుగు గుర్తున్న శాలువా తెచ్చింది. గోడల రంగులాయన మాత్రం స్వయంగా కర్ర ఊతంతో వచ్చాడు. ఆ మూడు రోజులూ, ఆ వారమూ అయ్యాక కూడా బుద్ధి రాలేదన్నమాట, మూడోసారి దాచిన నోటు అది. భార్య పోయి ఆరేళ్ళు.

కవరు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడాయన. "దానికి తెలియకూడదని దాచాను రా. ఇప్పుడు తెలిసి తిడితే బాగుండు," అన్నాడు. ఇద్దరూ కలిసి స్టేషను మెట్ల మీద కూర్చుని టీ తాగారు.

అలా నూట పదకొండు తేలాయి. నూట పన్నెండోది మిగిలింది.

దాని మీద బొమ్మ ఒక సున్నా, సున్నా పైన మూడు గీతలు. ఉల్లిపాయ అని పోలీసులు కాగితాల్లో రాశారు. బాబాయి కూడా ఉల్లిపాయే అనుకున్నాడు. కూరగాయల బండి ఆయనదై ఉంటుందని ధీమాగా ఉన్నాడు. తీరా ఆయన చొక్కా తెస్తే కాలర్లో తక్కెడ ఉంది. ఉల్లిపాయ కాదు. వెలిగే బల్బు అనుకుని కరెంటు పని చేసే ఆయన్ని పిలిపించారు. ఆయనకి మెరుపు గుర్తు. ముల్లంగి అనుకున్నారు, కుండలో పువ్వు అనుకున్నారు. ఎవరికీ కలవలేదు. నలభై రెండేళ్ళ గుర్తులన్నీ కళ్ళు మూసుకుని చెప్పగల బాబాయి ఈ ఒక్కదాని దగ్గర బోర్లాపడ్డాడు. ఎంత తలుచుకున్నా, ఏ కాలర్లోనూ ఆ బొమ్మ చూసిన జ్ఞాపకం లేదు.

చివరి రోజు కూతురు కూడా తోడొచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ మొహం ఏదోలా ఉంది.

"ఈ ఒక్కదానికీ సంతకం లేకుండా నేను పంపలేను పెద్దాయనా. పోనీ, ఇదొక్కటైనా మీదని చెప్పండి. నేను రాసుకుంటాను."

కూతురు తండ్రి చెయ్యి నొక్కింది. ఒక్క మాట. షాపు తెరుచుకుంటుంది, మచ్చ పోతుంది. బాబాయి బయటికి చూశాడు, నేలకేసి చూశాడు.

"నాది కాదమ్మా. నన్నేం చేయమంటావు?" అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ నిట్టూర్చి, ఆఖరి ప్రయత్నంగా కవరు గుండుసూది తీసింది. నోట్లు మూడున్నాయి, అన్నీ పాతవే. వాటికి చుట్టిన పాత పేపరు ముక్క ఉంది. మొదటి రోజు లెక్కపెట్టిన కానిస్టేబుల్ దాన్ని 'నోట్లు చుట్టిన కాగితం' అని రాసి వదిలేశాడు. ఆమె దాన్ని మడతలు విప్పి బల్ల మీద పరిచింది.

అది నోట్లు చుట్టడానికి చింపిన ముక్క కాదు. కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించింది. ఒక పాదం ఆకారం. ఎడమ పాదం. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగ్గా ఉంది.

బాబాయి కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

ఆ తొట్టి దగ్గర రోజంతా తడిలో నిలబడేది పిన్ని. రబ్బరు చెప్పుల పట్టీ తెగితే హ్యాంగరు తీగతో కట్టుకుని నెట్టుకొచ్చేది. కొత్తవి కొంటానంటే "వెనక గదిలో నన్నెవరు చూడొచ్చారు?" అనేది. అడిగితే కొలత ఇవ్వదు. అందుకని ఒక రోజు ఆవిడ తడికాళ్ళతో ముందు గదిలోకి వచ్చి వెళ్ళాక, సిమెంటు నేల మీద అడుగు ఆరిపోకముందే పేపరు పరిచాడు బాబాయి. తడి పైకి తేలింది. పెన్సిలుతో చుట్టూ గీసి, కత్తిరించి, కూడబెట్టిన నోట్లు అందులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బజారుకి మాత్రం వేరే చొక్కా వేసుకుని వెళ్ళాడు. బస్సులో ఎవడూ కొట్టెయ్యలేదు. ఆ చొక్కా అప్పటికే తొట్టి పక్కన గుట్టలో ఉంది. జేబు తిరగేసింది పిన్ని.

"నాన్నా?" అంది కూతురు.

"మీ అమ్మ కాలే ఇది," అన్నాడు బాబాయి.

అప్పుడు గుమ్మం దగ్గరి కానిస్టేబుల్ అమ్మాయి కవరు మీద బొమ్మ వైపు చూసింది. బాబాయి తల వైపు చూసింది. మళ్ళీ బొమ్మ వైపు చూసి, చేత్తో నోరు మూసుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ కూడా చూసింది. కూతురూ చూసింది. అందరికంటే ఆఖరికి బాబాయికి వెలిగింది. ఉల్లిపాయా కాదు, ముల్లంగీ కాదు. గుండ్రటి బట్టతల, దాని మీద మూడు వెంట్రుకలు. అప్పటికి ఆయనకి జుట్టు మొత్తం ఊడలేదు కూడా. పక్కనుంచి దువ్వి మధ్యలో కప్పుకునేవాడు, ఎవరికీ తెలియదనుకునేవాడు. ఇంట్లో బట్టలకు గుర్తులు వేసే పనేముంది? అందుకే ఏ కాలర్లోనూ ఆ బొమ్మ లేదు. ఆవిడ మొగుడికి కూడా ఖాతాదారుడికి వేసినట్టే గుర్తు వేసి, కవరులో పెట్టి, గుండుసూది గుచ్చింది.

కూతురు ముందు నవ్వింది. నవ్వు మధ్యలోనే కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నేళ్ళూ ఉంచిందే," అన్నాడు బాబాయి. "నేను అడుగుతానని. 'ఏం కావాలో అడగండి' అంది నాతో. నేను కసిరాను. ఒక్కమాట అడిగుంటే ఇచ్చేసేది. పోయేదాకా ఆ తీగ కట్టిన చెప్పులే వేసుకుంది."

ఆయన ఆ కాగితం పాదం మీద అరచెయ్యి వేసి, ముడతలు పోయేలా నెమ్మదిగా సాపు చేశాడు. చేతికి అలవాటైన పని. ఇన్‌స్పెక్టరమ్మ ఆయన్ని తొందరపెట్టలేదు. కాసేపటికి సంతకాల కాగితం ముందుకు జరిపి, వేలితో చోటు చూపించింది.

"ఇప్పుడు చెప్పండి బాబాయిగారూ. ఈ డబ్బు ఎవరిది?"

"నాదేనమ్మా. ఇవ్వు తల్లీ, అడుగుతున్నాను," అన్నాడు బాబాయి.

పేరు రాసి సంతకం పెట్టాడు. సొంతదారు గుర్తు అని ఉన్నచోట కలం ఆపి, అలవాటు లేని చేత్తో ఒక సున్నా చుట్టాడు. దాని మీద ఒక్కొక్కటిగా మూడు గీతలు నిలబెట్టాడు.